అడ్డకొండ మెడకాడ ఆగిన దారి

సోంబారి అనుకో, ఎగువ కందిగూడ మనిసి. సోమారం నాడు పుట్టినాది, సోంబారన్నారు, అంతే. మా కొండమీద పేరెట్టడానికి పంతులక్కర్నేదు, వారం తెలిస్తే సాలు. మొగుడు వొయసులోనే పోనాడంట, జొరమొచ్చి. కడుపున పుట్టినోల్లు పుట్టినట్టే పోనారు, ఒక్క కూతురు నిలిసినాది. బుదారం పిల్ల, బుద్రి. ఉన్నదొక్కతే గదా, దాన్ని పరాయూరు పంపనేక అల్లుడ్నే ఇంటికి తెచ్చుకున్నాది సోంబారి. ఆ బుద్రి ఎలాటిదంటే, నోరు కట్టుకోనేదు. తగువులమారి కాదర్రా, ఊసులమారి. కొండకి ఆ పక్క సీపురు కోస్తా, ఈ పక్క పసుపు తవ్వతన్న తల్లికి కూతెట్టీది, "ఓలమ్మా, గంజి తాగినావా?" అని. తాగినానే అని తల్లి కూతెట్టీది. మల్లీ కాసేపటికి, "ఓలమ్మా, ఏటి సేస్తన్నావు?" అని. "నీ పెల్లి సేస్తన్నానే, పని సూసుకో" అని తల్లి కసురుకునీది. కసురుకునీదే గానీ, ఓ పూట ఆ కూత ఇనబడకపోతే సోంబారికి సేతిలో పని సాగీది కాదంట. ఈల్లిద్దర్నీ సూస్తే ఊరోల్లందరికీ నవ్వు.

ఏటయిందంటే, బుద్రి కడుపుతో ఉన్నాది, నెల్లు నిండినాయి. బయట ముసురు. ఇప్పుడు పడీ ముసుర్లు ఓ ముసుర్లేటి, అప్పట్లో ముసురేసిందంటే పక్కింటోడి మొకం కనబడీది కాదు. ఆ ముసుర్లో నొప్పులొచ్చినాయి. పొద్దెక్కినా బిడ్డ రాదు. మంత్రసాని సెయ్యేసి సూసి, బిడ్డ అడ్డం తిరిగినాది, నా వల్ల కాదు, కిందకి దించీయండి అన్నాది. కిందకంటే ఎక్కడికి? రోడ్డున్న దుప్పలపేట సంతకి. అక్కడికెల్తే బండి దొరుకుతాది, బండెక్కితే ఆస్పటల్ దొరుకుతాది. దోలీ కట్టినారు. దోలీ అంటే ఈ రాసుకుంతన్న బాబుకి తెలీదేమో, కర్రకి దుప్పటి ఉయ్యాలనాగ కట్టి, అందులో మనిసినేసి, ముందొకడు ఎనకొకడు బుజానెత్తుకుంతారు. ముందు అల్లుడే పట్టినాడు. సోంబారి ఆకుల గిడుగు కూతురి మొకమ్మీద వాన పడకండా పట్టుకుని పక్కన పరిగెడతన్నాదంట. బురద. కాలెడితే జారిపోతాది. దించీడం, మల్లీ ఎత్తడం, దించీడం, మల్లీ ఎత్తడం. గెడ్డకాడికొచ్చీసరికి గెడ్డ పొంగిపోతన్నాది, ఎర్రనీల్లు, సెట్లకి సెట్లు కొట్టుకొచ్చెస్తన్నాయి. దాటితే అందరూ పోతారు. ఆగినారు. "అమ్మా, దాటించీయండే" అన్నాదంట బుద్రి. "నీరు తీస్తాదమ్మా, తీస్తాది, కూసింత ఓర్సుకో" అన్నాదంట తల్లి. నీరు తియ్యనేదు. పొద్దు నడినెత్తి దాటినాక ఆ పిల్ల మాటాడ్డం మానీసినాది. అంత నోరున్న పిల్ల. దుప్పట్లోంచి సెయ్యి కిందకి జారి ఏలాడతంటే తల్లి ఆ సెయ్యి నోపలెట్టీది, మల్లీ జారితే మల్లీ నోపలెట్టీది, అలగే కూకున్నాదంట. అప్పటికే అందరికీ తెలుసు. ఆవిడికీ తెలుసు.

ఇప్పుడు, మా కొండమీద ఓ కట్టుంది. మంచో సెడో, పెద్దలెట్టినారు. కడుపుతో పోయిన మనిసిని ఊల్లోకి తేకూడదు, పెద్దలున్న మట్టిలో కలపకూడదు. బిడ్డ నోపలుండిపోతాది గదా, ఆ మనిసి శాంతిపడదు, ఎనక్కి నడిసొస్తాది, ఊల్లో పసిపిల్లల్ని ఎతుక్కుంతాది అని బయం. బయపడ్డోల్ల తప్పు కాదు, పాపం, ఆల్లకీ పిల్లలున్నారు. గెడ్డకాడినుంచి బుద్రిని అటే మోసుకెల్లి అడ్డకొండ మెడమీద పాతీసినారు. మెడంటే, రెండు కొండలు కలిసీకాడ సన్నగా ఉంతాది సూడు, అది. అటెవులూ ఎల్లరు. పాతి, పైన రేగుకంప పరిసి, ఇనప మేకు దిగ్గొట్టి, ఆవాలు సల్లుకుంటా ఎనక్కి సూడకండా వొచ్చీసినారు. ఊరినాయుడు అప్పలదొర ఉన్నాడే, ఆ కంప ఆయినే కొట్టి తెచ్చినాడు. సోంబారిని రానియ్యనేదు, ఆడోల్లు పట్టుకుని ఇంట్లో కూకోబెట్టినారు. కూతురు పోయిన్నాడు ఆవిడ ఏడవనేదంట. మర్నాడు నాయుడు పలకరించడానికొస్తే, ఆయిన సేతులమీద ముల్లు గీరుకున్న గీతలు సూసినాదంట. అప్పుడు పగిలినాది గుండె. "నా పిల్లమీద ముల్లేసీసినావా, బావూ" అన్నాదంట. అంతే. పెద్దదినం సెయ్యనేదు, డప్పు మోగనేదు, ఆ పిల్ల పేరున ఆకులో ఓ మెతుకెట్టనేదు. అల్లుడు కొన్నాల్లుండి తన ఊరు పోయి మల్లీ పెల్లాడీసినాడు. ఆడు సెడ్డోడు కాదు. వొయసు గుంటడు, ఏటి సేస్తాడు?

ఒలే, ఆ మేకనవతల కట్టండే, కత ఇననివ్వదు. ఆ... ఏటి సెప్తన్నాను? సోంబారి. అక్కణ్నుంచి ఆవిడ మనుసుల్లో మనిసి కాదు. పన్లోకెల్తాది, వొస్తాది, వొండుకుంతాది. పలకరిస్తే ఊఁ అంతాది. పెల్లిల్లకి రాదు, పండక్కి రాదు. కొత్త కొర్రలు తినీ కొర్రకొత్త పండగనాడు ఊరంతా ఆడతంటే, తను ఇంటి ఎనకాల సీపుర్లు కట్టుకునీదంట. అడ్డకొండ ఎటుంటే అటు ఈపెట్టి కూకునీది. ఊరోల్లకీ ఆవిడ మొకం సూడ్డానికి సిగ్గే. ఎవులూ ఏటీ అనరు, ఆవిడా ఏటీ అనదు, ఆ ఊసు మీద మట్టేసీసినట్టు ఉండిపోనారు అందరూ.

ఇలగుండగా, కొన్నేల్లకి తవిటమ్మ వొచ్చినాది. కిందూల్ల మనిసి. బాలవాడీలో పిల్లలకి సెప్పీదంట, అది మానుకుని, ఇంకో ఇద్దర్ని కలుపుకుని, దుప్పలపేట సంతలో సింతపండు కొట్టు ఎనకాల ఓ గది తీసుకుని, మన్యం తోడు సంగం అని బోర్డెట్టినాది. ముందుగాల ఎగువ కందిగూడ ఎక్కొస్తే ఆడోల్లందరూ తుప్పల్లో దూరిపోనారంట, పిల్లలు పుట్టకండా ఆపరేసన్ సెయ్యడానికొచ్చీసినాదని! నవ్వకండి, నిజిం. ఆవిడేటి సేసినాది? ఓ అరుగుమీద కూకుని, అక్కడ ఆరేసిన కందికాయలు వొలవడం మొదలెట్టినాది. వొలిసినాది, వొలిసినాది, సాయంత్రం దిగిపోనాది. మల్లీ వొచ్చినాది, మల్లీ వొలిసినాది. అప్పుడు ఒక్కొక్కర్తే తుప్పల్లోంచి వొచ్చి పక్కన కూకున్నారు. అలగ మొదలైనాది సంగం. కోల్లకి తెగులొస్తే మందు తెచ్చినారు, పిల్లలకి నాలుగచ్చరాలు సెప్పినారు, పోయిన సిరుదాన్యాల ఇత్తనాలు ఏరే కొండనించి తెచ్చి పంచినారు. పెద్ద సంగం కాదు. ఆల్లకి జీబుల్నేవు, ఆల్లూ మనలాగే నడిసి ఎక్కాల.

ఓ పాలి ఆడోల్లందర్నీ కూకోబెట్టి అడిగినాదంట తవిటమ్మ, మీకేటి కావాల, మీ నోటితో సెప్పండి అని. ఒకర్నొకరు సూసుకున్నారు. ఎవులూ అడగని మాట గదా అది. సివరికి మంత్రసాని అన్నాది, "రోడ్డు కావాల." అందరూ రోడ్డు, రోడ్డు అన్నారు. సోంబారి దూరంగా సీపురు సీలుస్తా ఉన్నాది, తలెత్తనేదు. తవిటమ్మ ఆపీసులకి తిరిగినాది. సూస్తాం అన్నారు. సూస్తానే ఉన్నారు. తిరిగి తిరిగి, అడివిలో మట్టిబాట ఏసుకోడానికి మాత్తరం ఎలగో ఒప్పుదల తెచ్చుకుని, ఊల్లోకొచ్చి, "మనమే తవ్వుకుందాం" అన్నాది. మొగోల్లు నవ్వినారు. తింటానికి నేక కూలికి దిగుతంటే రోడ్డెవడు తవ్వుతాడు, పొయ్యెలగ ఎలుగుతాది అన్నారు. అప్పుడు సంగమోల్లు కిందూల్లల్లో గడప గడపకీ ఎల్లి, ఇంటికో పిడికిడు బియ్యం ఎయ్యండమ్మా, కొండోల్లు దారి తవ్వుకుంతన్నారు అని అడిగినారంట. ఏసినారర్రా. ఉన్నోల్లూ నేనోల్లూ ఏసినారు. ఆ బియ్యం మూటలు నెత్తినెట్టుకుని ఎక్కొచ్చినారు. కొండమీద పెద్ద డేక్సాలో గంజి, పప్పు. దాని సుట్టూ ఊరంతా గునపాలు, పారలు. పంటలయిపోయిన రోజులు, ఎండ ఇంకా ముదరనేదు. పాటలేటి, నవ్వులేటి, పెల్లినాగుండీదంట.

సోంబారి కూడా వొచ్చినాది. ఎవులూ పిలవనేదు, పారట్టుకుని వొచ్చి వొరసలో ఆకర్ని నిలబడినాది. మాటా నేదు, పాటా నేదు, మట్టెత్తుతాది, పోస్తాది. ఆ దారి ఎటు పోతాదో ఆవిడికి తెలీదంతారా? తెలుసు. పుట్టి పెరిగిన కొండ. తెలిసే వొచ్చినాది.

దారి అడ్డకొండ మెడకాడికొచ్చీసినాది. వొచ్చి, ఆగిపోనాది. ఓ పక్క నిలువు బండ, ఓ పక్క నోయ. మద్దిలో సన్నగా మెడ. ఎల్తే దాని మీంచే ఎల్లాల, ఇంకో దారి నేదు. మెడమీద రేగుకంపలు మొలిసి, తుప్పై ఉన్నాయి. మొగోల్లు గునపాలు కిందెట్టీసినారు. గంగన్న ఎజ్జోడని, ఊరికి పూజలు సేసీవోడు, ఆయినొచ్చి సూసి, "ఇక్కడ పారెయ్యకండి, ఏస్తే ఊరికి మంచిది కాదు" అనీసి దిగిపోనాడు. తవిటమ్మకేటీ తెలీదు. ఏటైందర్రా అంతాది. ఎవులూ సెప్పరు. కిందకి సూస్తారు, బీడీ ఎలిగించుకుంతారు. పని ఆగిపోనాది. మర్నాడు ఎవులూ రానేదు, ఆ మర్నాడూ రానేదు. మబ్బులు కమ్ముతన్నాయి, వానలు పడితే తవ్విన మట్టంతా గెడ్డలోకెలిపోతాది. తవిటమ్మ ఇల్లిల్లూ తిరిగి అడిగినాది. సివరాకరికి సోంబారి గుమ్మంలో కూకుని, "అప్పా, నువ్వైనా సెప్పు, ఏటుంది అక్కడ?" అన్నాది.

"నా కూతురుంది" అన్నాది సోంబారి.

అప్పుడు సెప్పినాది. ముసురూ, దోలీ, గెడ్డ, ముల్లు, అన్నీ. సెప్తంటే గొంతులో తడి నేదంట, ఎవరి ఊసో సెప్తన్నట్టు సెప్పినాది. తవిటమ్మ ఇన్నాది, కల్లనీల్లెట్టుకున్నాది. ఎట్టుకుని ఏటన్నాదంటే, మంచి మనిసే గానీ సదువుకున్న మనిసి గదా, తొందరపడినాది. "ఇదంతా ఉత్త బయం అప్పా. దెయ్యాల్నేవు, ఏటీ నేవు. రేపు నానే ముందల పారేస్తాను. నాకేటీ కాదని సూస్తే అందరూ వొస్తారు" అన్నాది.

సోంబారి లేసి నిలబడినాదంట. ఇన్నేల్లలో ఆవిడ గొంతు ఊరోల్లినడం అదే. "నువ్వు పారేస్తావా? ఎవులి మీద ఏస్తావే పార? నీ కూతురా? ఆల్లు బయపడి ముల్లేసినారు, నువ్వు బయం నేదని పారేస్తావా? ఆల్లకీ నీకూ ఏటే తేడా? అది దెయ్యమూ కాదు, నీ రోడ్డుకడ్డమూ కాదు. అది నా బుద్రి. దాన్ని మోసినదాన్ని ఇక్కడున్నాను. ఎవులన్నా నన్నడిగినారా? అప్పుడడగనేదు, ఇప్పుడూ అడగరు!"

తవిటమ్మ గుమ్మంలోంచి లేసినాది. సేతులు జోడించినాది. "తప్పైపోనాదప్పా. నాను ముట్టుకోను. నువ్వు వొద్దంటే దారక్కడితో ఆపీద్దాం" అన్నాది. అని, దిగిపోనాది. ఆ దినం ఆవిడ గెడ్డకాడ కూకుని ఏడిసినాదని మేకలు తోలీవోల్లు సూసినారంట.

ఇక్కడ ఇంకో ఊసుంది. అప్పలదొర నాయుడి కోడలు పారమ్మ, అదీ కడుపుతో ఉన్నాది. తొలిసూలు. నెల్లు నిండీది సరిగ్గా వానల్లోకే. నాయుడికి నిద్దర పట్టదు. దారి ఆగిపోయినకాడికెల్తాడు, నిలబడతాడు, వొస్తాడు. ఓ పొద్దున్న సోంబారి ఇంటికొచ్చి, గుమ్మం ముందల నేలమీద కూలబడినాడంట. ఊరినాయుడు! తలగుడ్డ తీసి ఒల్లో ఎట్టుకున్నాడు.

"సోంబారీ, నీ కాడికి రాడానికి నాకు మొకం నేదు" అన్నాడు.

"నేదు" అన్నాదావిడ.

"నా కోడలికి రోజులు దగ్గిరైనాయి."

"తెలుసు. ఆ పిల్ల నడక సూస్తన్నాను."

"ఏటి సెయ్యమంతావో సెప్పు. సేస్తాను."

సోంబారి సేటలో గింజలు కోల్లకి సల్లినాది. కోల్లు గీరుకుంతన్నాయి. తరవాతన్నాది, "ముల్లు నువ్వే ఏసినావు గదా బావూ. ఆ ముల్లు నువ్వే తియ్యి. నా పిల్లని దాని నాయిన పక్కన, మన పెద్దల మట్టిలో ఎడదాం. డప్పు మోగాల. పెద్దదినం సెయ్యాల. అది సేసినాక నీ రోడ్డు నువ్వు తవ్వుకో."

నాయుడి మొకం మాడిపోనాది. ఊల్లోంచి తేవాల గదా. పెద్దల మట్టి ఊరికి అటు పక్కుంది. కడుపుతో పోయిన మనిసిని ఊరి మద్దిలోంచి! ఎజ్జోడ్ని అడిగినాడు, ఎజ్జోడు సెవులు మూసుకున్నాడు. కుర్రోల్లు పెల్లాం పిల్లల్ని తీసుకుని పొలం పాకల్లోకెలిపోతాం అన్నారు. నాయుడు అటూ కాడు, ఇటూ కాడు. రేపంతాడు, ఎల్లుండంతాడు.

సోంబారి సూసినాది, సూసినాది. ఓ పొద్దున్న తానమాడి, పెట్టిలోంచి ఉతికిన కోక తీసుకుని, పారట్టుకుని ఒక్కర్తే బైలెల్లినాది. ఎవులికీ సెప్పనేదు. మెడమీదకెల్లి ఉత్త సేతుల్తో కంప లాగడం మొదలెట్టినాదంట. అన్నేల్ల కంప, ఏల్లూనిపోయుంది. సేతులు రగతం కారతన్నాయి. లాగతన్నాది. కాసేపటికి ఎనకాల ఎవులో కంప కొడతన్న సప్పుడైనాది. తిరిగి సూస్తే అప్పలదొర. కత్తి తెచ్చినాడు గానీ, ఆవిడ సేతులు సూసి కత్తి అవతల పారీసి, ఆయినా సేతుల్తోనే లాగినాడంట. ఆ పొద్దే కొండెక్కొస్తన్న తవిటమ్మా అటొచ్చినాది గానీ, దూరంగా బండమీద నిలబడిపోనాది, మాటిచ్చినాది గదా, ముట్టుకోను అని.

కంప తీసినాక నాయుణ్ని పక్కకెల్లమన్నాది సోంబారి. "ఇక్కణ్నుంచి నాను" అన్నాది. తవ్వినాది. పార కూడా వొదిలీసి ఏల్లతో తీసినాది మట్టి, తగుల్తాదేమో అని, దెబ్బ తగుల్తాదేమో అని. దెబ్బ తగలడానికేటుంది సెప్పండి అక్కడ! ఎముకలు. ఆకుపచ్చ గాజులు, అవి మాత్తరం అలగే ఉన్నాయి. ఆ గాజులు సంతలో తల్లే కొనెట్టినాదంట. కడుపు కాడ, కోడిపిల్ల ఎముకలంత సన్నగా, ఇంకొన్ని. అవి సూసీదాకా గట్టిగా ఉన్నాది సోంబారి. అవి సేతిలోకి తీసుకుని, "ఓలమ్మా, నీకు ఆడపిల్లో మొగపిల్లడో నాకు తెలీనేదే, నాకు తెలీనేదే" అని, అప్పుడేడిసినాది. అప్పలదొర అటు తిరిగి నిలబడినాడు.

అన్నీ కోకలో మూటకట్టి, సంటిదాన్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఊల్లోకి నడిసినాది. ముందు నాయుడు నడిసినాడు. ఊల్లో తలుపులు పడిపోనాయి, టపటపా. పిల్లల్ని నోపలికి లాగీసినారు. డప్పు కొట్టీవోడు రానన్నాడు. నాయుడు ఆడి సేతిలో డప్పు లాక్కుని మెల్లో ఏసుకున్నాడు. కొట్టడం రాదాయినకి, తప్పుడు దెబ్బలు కొట్టుకుంటా నడిసినాడంట. అలగెల్తంటే ఒక్క తలుపు తెరుసుకున్నాది. నాయుడి కోడలు పారమ్మ, నిండు పొట్ట, సెంబుతో నీల్లట్టుకుని గుమ్మం దిగినాది. అత్త నోపల్నుంచి వొద్దే, వొద్దే అని కేకలెడతన్నాది. ఆ పిల్ల ఇననేదు. సోంబారి కాల్లమీద నీల్లోసినాది. పుట్టింటికొచ్చిన ఆడపడుసుకి గుమ్మంలో కాల్లు కడుగుతాం సూడు, అలగ. పోసి, "రా వొదినా" అన్నాదంట, మూటని సూసి. సోంబారిని కాదు, మూటని. పారమ్మ పుట్టిల్లూ ఈ కొండమీదే, ఇద్దరూ సిన్నప్పుడు కలిసి సీపురు కోసినోల్లే. అప్పుడు ఒక్కో తలుపూ తెరుసుకున్నాది. అందరూ అనను, కొంతమంది. ఆ కొంతమందే ఎనకాల నడిసినారు. తన మొగుడి పక్కనెట్టినాది కూతుర్ని. ఎజ్జోడు సివర్లో వొచ్చి, దూరం నించే మంత్రం సదివినాడు. అదీ సాలు.

తరవాత దారి తవ్వినారు, వానలు ముదరకండానే అయినాది. పారమ్మకి నొప్పులొచ్చిన్నాడు గట్టి వాన. మెడ మీంచి ఊరి దాకా జీబొచ్చీసినాది, గెడ్డ మీద సంగమోల్లు ఏసిన తూముల మీంచి దాటిపోనాది. కాన్పయినాది, ఆడపిల్ల, తల్లీ పిల్లా సుకం. నెల తిరిగినాక పారమ్మ ఆ పిల్లని తెచ్చి సోంబారి ఒల్లో ఎట్టి, "సోంబారత్తా, బుద్రి అని పేరెడతాం" అన్నాది. ఊరోల్లందరూ ఆవిడ నవ్వుతాదేమో అని సూసినారు. సోంబారి ఆ పిల్లని ముద్దాడినాది, బుగ్గన సుక్కెట్టినాది, ఎట్టి, "వొద్దమ్మా. ఆ పేరు నా పిల్లది. దీనికి దీని వారం ఉంది గదా, అదే ఎట్టుకోండి" అన్నాది. సుక్రారం పిల్ల, సుక్రి అని ఎట్టినారు. బాగుంది ఆ పిల్ల, సదువుకుంతన్నాది.

సంగం అలగే ఉంది. ఓ ఏడు బియ్యం దొరుకుతాయి, ఓ ఏడు దొరకవు. తవిటమ్మ తల నెరిసిపోనాది. ఎప్పుడెక్కొచ్చినా సోంబారి ఇంటికాడ కాసేపు కూకుంతాది, ఇద్దరూ కందికాయలు వొలుసుకుంతారు, పెద్దగా మాటలుండవు. సోంబారి ఆ రోడ్డున నడిసినది నాను సూడనేదు. సంతకెల్లినా పాత బాటనే దిగుతాది, మోకాల్లు నొప్పైనా.

నానొకపాలి అడిగినాను, మా వరసకి అప్పవుతాది గదా. అప్పా, ఆవేల ఒక్కర్తివీ మెడమీదకెల్లినావు, బయమెయ్యనేదా, నిజింగా లేసొస్తే అని. ఆవిడ నన్ను ఎర్రోన్ని సూసినట్టు సూసినాది. "అన్నేల్లూ నాను తలుపు గెడెట్టుకోనేదురా, వొస్తాదేమో అని. రానేదు" అన్నాది. అదర్రా సంగతి. ఊరంతా రాకండా ఉంటే సాలని ముల్లేసుకున్నారు, తల్లేమో వొస్తే సాలని తలుపు తీసెట్టుకున్నాది. పోయినోల్లకి ఈ రెండూ తెలవ్వు.

సరే, లెగండి. బాబూ, రాసుకున్న కాయితాలు సంచిలో దాసుకో, ఆ పడమటి మబ్బు మనమీదకే వొస్తంది. దిగినప్పుడు సెట్లు పట్టుకుని దిగు. ఆల్లకి దారి పడినాది గానీ మా ఊరికింకా పడనేదు.